ఒకే పేరు మీద ఇద్దరు

పెద్దాయన వచ్చిన ప్రతివాళ్ళకూ "మా కోడలు" అని పరిచయం చెయ్యగా చెయ్యగా, చివరికి కాళ్ళు చేయించుకోవడానికి వచ్చేవాళ్ళు కూడా ఆమెను "కోడలుగారూ" అని పిలవడం మొదలుపెట్టారు. మొదట్లో ఆమెకు నవ్వొచ్చేది. పోనుపోను అదే పేరైపోయింది. కొరియర్ అబ్బాయి కూడా పార్సిల్ చేత్తో పట్టుకుని, "కోడలుగారు ఉన్నారాండీ" అని గుమ్మంలోంచి కేకేసేవాడు.

అది కృత్రిమ కాళ్ళు తయారుచేసే వర్క్‌షాపు. పెద్దాయన వయసులో ఉండగా పెట్టింది. వీధివైపు గదిలో పట్టుకుని నడవడానికి రెండు ఇనుప కమ్ములు, వాటి చివర నిలువెత్తు అద్దం, కిటికీ పక్కన కోడలి బల్ల. దాని వెనక గదిలో ప్లాస్టిక్ రేకును మెత్తబరిచే ఓవెను, గట్టి నురుగు దిమ్మను కాలి ఆకారంలో చెక్కే మిషను. ఆ వెనక కొట్టుగది. అందులో ప్లాస్టరు బస్తాలు, తోలు చుట్టలు, పాత పాదాల పెట్టెలు, వాటి మధ్య ఒక అరలో నల్లటి కంప్యూటరు.

ఆ కంప్యూటరుకి స్క్రీను లేదు. కీబోర్డు లేదు, మౌసు లేదు. కరెంటు తీగ, నెట్టు తీగ, చెక్కే మిషనుకి పోయే తీగ, అంతే. దాన్ని తెచ్చి పెట్టింది కోడలి మరిది. వేరే ఊళ్ళో ఇలాంటి కంప్యూటర్లు చూసుకోవడమే అతని ఉద్యోగం. అది లైనక్సు మీద నడుస్తుందనీ, తమ భాషలో ఇలాంటివాటిని తల లేని మిషన్లంటారనీ అతను చెబుతుంటే, టీ గ్లాసులు పట్టుకొచ్చిన అత్తగారు విని, "ఇన్నాళ్ళూ కాళ్ళు లేనివాళ్ళే వచ్చేవారు, ఇప్పుడు తల లేనిదాన్ని కూడా తెచ్చావట్రా" అన్నారు. దుమ్ము తగలకూడదనీ, దాని ఫ్యాను హోరు పేషెంట్లకు వినబడకూడదనీ కొట్టుగదిలో పెట్టారు. కోడలు తన బల్ల దగ్గరే కూర్చుని, లాప్‌టాప్‌లో ఒక కిటికీ తెరిచి, పాస్‌వర్డు కొట్టేది. కొట్టుగదిలో ఉన్నదాని తెర మొత్తం ఆ కిటికీలోకి వచ్చేది. కాలు పోగా మిగిలిన భాగాన్ని స్కాన్ చేసిన బొమ్మను అందులో తిప్పి చూసి, ఎక్కడ బిగించాలో ఎక్కడ వదలాలో దిద్ది, చెక్కే మిషనుకు పంపేది. అది చెక్కిన అచ్చు మీద వేడి రేకు పరిచి, మిగిలిన కాలికి తొడుక్కునే గిన్నెలాంటి భాగం చేస్తారు, దాన్ని సాకెట్ అంటారు. అది కుదిరితే మనిషి నడుస్తాడు. కుదరకపోతే కింద ఎంత మంచి పాదం తగిలించినా మూలన పెట్టేస్తాడు.

ఇవన్నీ ఒకప్పుడు పెద్దాయన చేత్తో చేసేవాడు. తడి ప్లాస్టరు గుడ్డ చుట్టి, అచ్చు తీసి, ఆకురాయితో అరగదీసి, బొటనవేలితో తడిమి చూసుకుని మళ్ళీ అరగదీసి. కొన్నేళ్ళ కింద ఆయన చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఒకసారి ఒక పేషెంటు కాలి నుంచి తీస్తున్న అచ్చు చేతిలోంచి జారి కిందపడి ముక్కలైంది. పెద్దకొడుకు గబగబా ముందుకొచ్చి, "నువ్వు పక్కకు జరుగు నాన్నా, నేను చూసుకుంటా" అన్నాడు. అప్పటినుంచి పెద్దాయన పనిముట్టు ముట్టుకోలేదు. రోజూ వస్తాడు, వచ్చినవాళ్ళను కూర్చోబెడతాడు, కష్టసుఖాలు మాట్లాడతాడు, తోలు పట్టీలకు నూనె రాస్తాడు. కొత్త మిషను వచ్చినప్పుడు మాత్రం ఒక్కమాట అన్నాడు. "వేలు తగలకుండా కాలు చేస్తారా? చెయ్యండి, చూస్తాను."

ఆ రోజు పొద్దున కోడలు లాప్‌టాప్ తెరిచి, ఎప్పటిలాగే పాస్‌వర్డు కొట్టింది. కిటికీ తెరుచుకుంది. లోపల ఏమీ లేదు. బూడిదరంగు. ఒక మూల నుంచి ఇంకో మూల దాకా ఒకటే బూడిదరంగు. ఫైళ్ళ బొమ్మలు లేవు, అడుగున ఉండే పట్టీ లేదు, గడియారం లేదు. మధ్యలో మౌసు గుర్తు ఒక్కటి, అదీ మామూలు బాణం కాదు, చిన్న ఇంటూ గుర్తు. దాన్ని ఎటు కదిపితే అటు పోతోంది. ఎక్కడ నొక్కినా పలకడం లేదు.

మూసి మళ్ళీ తెరిచింది. అదే బూడిదరంగు. లాప్‌టాప్ ఆపి మళ్ళీ పెట్టింది. అదే.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, మర్నాడే స్కూలు బస్సు డ్రైవరమ్మ వస్తుంది. ఆమెకు ఎడమకాలు మోకాలి కిందనుంచి లేదు. గేర్లు వాటంతట అవే పడే బస్సు నడుపుతుంది, పర్మిషను ఉంది. కానీ కాలు కాస్త సన్నబడి పాత సాకెట్ వదులై, ఒరుసుకుని పుండు పడింది. ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష దగ్గరపడింది. పరీక్షకు కుంటుతూ వెళితే బస్సు ఇవ్వరు. ఆమె సాకెట్ డిజైను ముప్పాతిక వంతు అయింది. మిగిలిన పాతిక ఆ బూడిదరంగు వెనకాల ఎక్కడో ఉంది.

భర్త ప్లాస్టిక్ రేకులు తేవడానికి వెళ్ళాడు. ఆమె మరిదికి ఫోను చేసింది.

"చెప్పు వదినా." వెనక గిన్నెల చప్పుడు. ఆఫీసు క్యాంటీనులో ఉన్నట్టున్నాడు.

"మీ తల లేనిదానికి ఇవాళ మొహం కూడా పోయింది."

"అంటే? కనెక్టే అవట్లేదా?"

"అవుతోంది. పాస్‌వర్డు తీసుకుంటోంది. లోపల మాత్రం ఖాళీ."

"నల్లగా ఉందా, బూడిదరంగా?"

"బూడిద."

"మౌసు ఎలా ఉంది? బాణమా?"

"ఇంటూ గుర్తులా ఉంది."

"అయితే భయం లేదు," అన్నాడు అతను. కుర్చీ లాక్కున్న చప్పుడు. "నల్లగా ఉంటే వేరే కథ. ఇంటూ గుర్తు వచ్చిందంటే స్థలం వచ్చింది, దానిమీద ఇల్లు లేవలేదు, అంతే. నేను చూద్దామంటే ఆఫీసు మిషన్లోంచి బయటివాటిని ముట్టుకోనివ్వరు. నేను చెబుతా, నువ్వు కొట్టు. లాప్‌టాప్‌లో టెర్మినల్ ఉంటుంది చూడు, అక్షరాలు మాత్రమే ఉండే నల్ల కిటికీ. అది తెరువు."

తెరిచింది. అతను ఒక్కొక్క అక్షరమే చెబుతుంటే ఆమె కొట్టింది. మధ్యలో చుక్క, అడ్డగీత, ఖాళీ. ఒక ఖాళీ మర్చిపోతే తప్పని వచ్చింది, మళ్ళీ కొట్టింది. పాస్‌వర్డు అడిగింది. కొట్టింది. కొట్టుగదిలో ఉన్న మిషను తన పేరు చెప్పి, ఏం చెయ్యమంటావన్నట్టు చిన్న గీత ఆడిస్తూ నిలబడింది.

"వచ్చింది," అంది.

"చూశావా. బతికే ఉంది. బొమ్మ రాకపోయినా మాట వింటుంది. అసలు ఈ కిటికీ ఉంటే బొమ్మ ఎందుకని మేమనుకుంటాం."

"మీరనుకుంటారు బాబూ. నేను కాలు ఎలా తిప్పి చూడను అందులో?"

అతను నవ్వి పనిలో పడ్డాడు. డిస్కు నిండిపోతే ఇలా అవుతుందని మొదట అది చూపించమన్నాడు. సగం కూడా నిండలేదు. తర్వాత, తెర తెరవగానే ఏమేం మొదలుపెట్టాలో రాసి ఉండే చిన్న ఫైలు ఒకటుంటుందనీ, మొన్న అప్‌డేట్ వచ్చినప్పుడు అది చెడిపోయి ఉంటుందనీ గట్టిగా నమ్మాడు. ఆమె దాన్ని తెరిచి చదివి వినిపించింది. ఫైలు ఉండవలసినట్టే ఉంది. అయినా నమ్మకం కుదరక, దాన్ని పక్కన పెట్టించి కొత్తది రాయించాడు. కిటికీ మూసి తెరిచింది. బూడిదరంగు.

"పాతదే మళ్ళీ పెట్టెయ్," అన్నాడు. గొంతులో ఇందాకటి ధీమా తగ్గింది. "వెనక వీడియో తీగ పెట్టేచోట నేనొక చిన్న మూత పెట్టాను, గుర్తుందా? స్క్రీను లేకపోయినా ఉందని మిషనుని నమ్మించడానికి. అది ఊడిపోయిందేమో. కొట్టుగదిలోకి వెళ్ళి చూడాలి... ఉండు. ముందు ఒకటి కొట్టు. మూడే అక్షరాలు. డబ్ల్యూ, హెచ్, ఓ. లోపల ఎవరెవరున్నారో చెబుతుంది."

కొట్టింది. రెండు వరసలు వచ్చాయి. చదివింది.

అవతల గిన్నెల చప్పుడు దూరమైంది.

"మళ్ళీ చదువు వదినా. మొదటి వరస."

చదివింది. రెండు వరసల్లోనూ పేరు ఒకటే, వర్క్‌షాపు పేరు మీద పెట్టిన లాగిన్. రెండోది తనది, ఇప్పుడు నల్ల కిటికీలోంచి వెళ్ళింది. మొదటిది నిన్నటి ఆదివారం తేదీతో ఉంది.

"ఆదివారం మూసే ఉంటుంది కదా," అంది ఆమె.

"తేదీ సంగతి తర్వాత. అది నెట్టులోంచి వచ్చింది కాదు. ఆ మిషను ముందే కూర్చుని లోపలికి వెళ్ళారు. కీబోర్డు పెట్టి, స్క్రీను పెట్టి."

"దాని ముందు ఏముందయ్యా, ప్లాస్టరు బస్తాలు."

"ఎవరో ఉన్నారు వదినా. ఇప్పటికీ బయటికి రాలేదు. అదే పేరు మీద నువ్వు వెళ్తుంటే, ఈ పేరుకి ఇల్లు ఇదివరకే ఇచ్చేశానంటోంది. అందుకే నీకు వట్టి స్థలం చూపిస్తోంది."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. చెక్కే మిషను ఉన్న గది తలుపు, దాని అవతల కొట్టుగది తలుపు. మూసే ఉన్నాయి.

"దొంగా?"

"దొంగైతే మిషను ఎత్తుకుపోతాడు గానీ ఆదివారం కూర్చుని పనిచేసుకోడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సరే, దీనికి మందు సులువే. ఒక్క ముక్క చెబుతా, కొట్టు. ఆ కూర్చున్నవాళ్ళు బయటికి వచ్చేస్తారు, నీ తెర నీకు వచ్చేస్తుంది."

అతను చెప్పాడు, ఆమె అక్షరాలన్నీ కొట్టింది. చివరి మీట నొక్కడానికి వేలు పెట్టి ఆగింది.

"ఇది నొక్కితే, వాళ్ళు చేస్తున్న పని ఏమవుతుంది?"

"సేవ్ చేసుకోకపోతే పోతుంది."

"అయితే ఆగు. చూసొస్తాను."

"వదినా, తప్పు మూతది కాదని తెలిసిపోయింది కదా, ఇంక ఎందుకు..."

"చూసొస్తానన్నాను కదా," అని ఫోను పెట్టేసింది.

కొట్టుగది తాళంచెవి ఎప్పుడూ మేకుకు వేలాడుతుంది. ఇవాళా వేలాడుతోంది. తలుపు తీసి లైటు వేసింది. బస్తాలు గోడవైపు జరిపి ఉన్నాయి. వాటి వెనక, నడవడం నేర్చుకునే పిల్లలకు వేసే పొట్టి స్టూలు మీద, ఇంట్లో పాడైపోయిందని పెద్దాయన రిపేరుకు తీసుకెళ్ళిన చిన్న టీవీ ఉంది. దాని తీగ వెళ్ళి నల్ల కంప్యూటరు వెనక దూరింది. మరిది పెట్టిన మూత ఊడదీసి, పోకుండా అర అంచుకు టేపుతో అంటించి ఉంది. ఒక కీబోర్డు, ఒక మౌసు. కూర్చోవడానికి తలకిందులు చేసిన పెయింటు డబ్బా, దానిమీద మడత పెట్టిన తువ్వాలు.

ఆ తువ్వాలు ఎవరిదో చూడగానే తెలిసింది.

టీవీ చీకటిగా ఉంది. మీట నొక్కి, మౌసు కదిపింది. వెలిగింది. డిజైను తెరిచే ఉంది. ఒక సాకెట్, తిప్పి నిలబెట్టి, దిద్దుతూ దిద్దుతూ మధ్యలో వదిలేసినది. పేరు చూసింది. బస్సు డ్రైవరమ్మ స్కానుకు నకలు. తన ఫైలు కాదు, తన ఫైలు జోలికే పోలేదు. పక్కన ఒక ఫోల్డరు. అందులో "కాలు", "కాలు మళ్ళీ", "కాలు ఇంకోటి", "కాలు ఇది బాగుంది", "కాలు బాగాలేదు" అంటూ వరసగా ఫైళ్ళు. ఒక్కటొక్కటే తెరిచి చూసింది. అన్నీ తను ఎప్పుడో పూర్తిచేసి ఇచ్చేసిన పేషెంట్ల స్కానులు. వాళ్ళ స్కాను తీసుకుని, తను చేసింది చూడకుండా ఆయనంతట ఆయన చేసి, తర్వాత పక్కన ఆమె చేసింది తెరిచి పోల్చుకున్నాడు. రెండూ పక్కపక్కనే పెట్టి దాచుకున్నవి కూడా ఉన్నాయి.

బాగా చేశాడా అంటే, లేదు. మొదటివి చూడలేం. చుట్టూ ఒకే తీరున బిగించేసి, ఎముక పొడుచుకొచ్చేచోట కూడా వదలకుండా. వణికే చేతిలో మౌసు జారి అంచు మీద పడ్డ గంట్లు దిద్దకుండా అలాగే ఉన్నాయి. తర్వాతవి కాస్త నయం. ఇప్పుడు తెరిచి ఉన్నదీ ఎవరికీ పట్టదు, కానీ మోకాలి చిప్ప కింద ఎక్కడ ఆనాలో అక్కడ సరిగ్గా ఆనింది. ఆ ఒక్కచోట ఆయన చాలాసేపు కూర్చుని ఉంటాడు.

ఆమె పెయింటు డబ్బా మీద కూర్చుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ప్లాస్టరు కలపడం దగ్గరనుంచి ఆమెకు నేర్పింది ఆయనే. తప్పు చేస్తే తిట్టేవాడు కాదు, "ఊఁ, ఇంకోటి చెయ్యి" అనేవాడు. ఇప్పుడు ఆయన ఎవరితోనూ చెప్పకుండా, ఈ బస్తాల వెనక, ఆమె చేతికింద చదువుకుంటున్నాడు.

ఫైలు సేవ్ చేసింది. ఏ పేరు పెట్టాలా అని ఆలోచించి, "కాలు ఆదివారం" అని పెట్టింది. ఫోల్డరు మూసి, ఆయన లాగిన్‌లోంచి పద్ధతిగా బయటికి వచ్చి, టీవీ ఆపి, తలుపు వేసి మరిదికి ఫోను చేసింది.

"మీ నాన్న," అంది.

అతను మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. "మొన్నామధ్య ఫోను చేసి, టీవీకి కంప్యూటరు తీగ తగిలించొచ్చా, ఏ కన్నంలో పెట్టాలి అని అడిగాడు. అలా పెడితే ఏమైనా కాలిపోతుందా అని కూడా అడిగాడు. సినిమాలు చూసుకోవడానికేమో అనుకున్నా. పాస్‌వర్డు ఎలా తెలిసింది?"

"నేను ఎప్పుడూ చెప్పలేదు."

"నువ్వు పైకి చదువుతూ కొడతావు వదినా. ఇవాళ కూడా నాకు వినబడింది."

ఆమెకు నాలుక కరుచుకోక తప్పలేదు.

"నాకు చెబితే నేర్పేవాణ్ణి కదా," అన్నాడు మరిది.

"తాతకు దగ్గులు నేర్పుతావా? అడగలేక కాదు. అడిగితే ఎందుకంటారని."

ఫోను పెట్టేసి కిటికీ తెరిచింది. ఈసారి పట్టీ, గడియారం, ఫైళ్ళు అన్నీ వచ్చాయి. డ్రైవరమ్మ సాకెట్ తెరిచి, మిగిలిన పని పూర్తిచేసి, చెక్కే మిషనుకు పంపింది. నురుగు పొడి లేస్తుండగా పెద్దాయన వచ్చాడు.

చెప్పులు విప్పి, నూనె సీసా తీసుకుని, ఏదో పని ఉన్నట్టు నేరుగా కొట్టుగదిలోకి వెళ్ళాడు. డబ్బా మీద తువ్వాలు నలిగి ఉండటం చూసినట్టున్నాడు, వెళ్ళినంత తొందరగా తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మాయ్, ఆ టీవీ సాయంత్రం ఇంటికి పట్టుకుపోతాలే," అన్నాడు.

"ఎందుకు మామయ్యా, ఉండనివ్వండి."

"నేనేమైనా పాడుచేశానా? పొద్దున వచ్చినప్పుడు నీ పని ఆగిందా?"

"పాడవలేదు. మీరు లోపలే ఉన్నారు, అదే పేరుతో నేనూ వెళ్ళాను. ఒక కుర్చీలో ఇద్దరం కూర్చోబోయాం, అంతే."

"ఆదివారం మీ అత్తయ్య మూడుసార్లు ఫోను చేసింది, భోజనానికి రమ్మని. టీవీ ఆపేస్తే లోపలిది కూడా ఆగిపోతుందనుకున్నా," అన్నాడు. చేతిలో సీసా మూత బిగిస్తూ, విప్పుతూ నిలబడ్డాడు. "చూశావా?"

"చూశాను."

"ఎలా ఉంది?"

అబద్ధం చెబితే ఆయనకు తెలిసిపోతుందని ఆమెకు తెలుసు. "చిప్ప కింద బాగా వచ్చింది. మిగతా అంతా బిగించేశారు. అది తొడిగితే సాయంత్రానికి కాలు నల్లబడుతుంది."

పెద్దాయన తలూపాడు. కోపం రాలేదు, కాస్త తెరిపిన పడ్డట్టు కూడా కనిపించాడు. "చేత్తో అయితే తెలిసేది. మెత్తటి చోట వేలు లోపలికి పోయేది, ఎముక దగ్గర ఆగేది. ఇందులో వేలికి ఏమీ తగలదు. ఎంత నొక్కానో తెలియదు. నీకెలా తెలుస్తుంది?"

"రంగు మారుతుంది కదా. ఎంత లోపలికి పోతే అంత ఎర్రగా."

"అది రంగు మారడమా? నేను టీవీ పాడైందనుకున్నా."

ఇద్దరూ నవ్వారు. ఆమె తన పక్కన కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు గానీ, కుర్చీ వీపు పట్టుకుని, చెక్కే మిషను ఆగేదాకా ఆమె తెర వైపు చూస్తూ నిలబడ్డాడు.

సాయంత్రం భర్త ప్లాస్టిక్ రేకులు దించుతుంటే ఆమె చెప్పింది. అతను రేకు గోడకు ఆనించి, చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"ఈ వయసులో ఎందుకే ఆయనకు ఇవన్నీ," అన్నాడు.

"ఏ వయసులో ఏం చెయ్యాలో మనం చెబుతామా?"

"నేనప్పుడు కోపంగా అనలేదు. ఆ పేషెంటు బెదిరిపోయాడని అన్నాను."

"తెలుసు. మీరు పక్కకు జరగమన్నారు, ఆయన జరిగారు. మళ్ళీ రమ్మని ఎవరూ అనలేదు."

అతను రేకులన్నీ లోపల పెట్టాక కొట్టుగదిలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. మూత దాని చోట మళ్ళీ పెట్టి, వచ్చేటప్పుడు టీవీ ఎత్తుకొచ్చాడు. వీధివైపు గదిలో, కోడలి బల్లకు ఎదురుగా, వెలుతురు మొహం మీద పడని చోట ఒక బల్ల వేసి దానిమీద పెట్టాడు. తన పాత లాప్‌టాప్ దానికి తగిలించాడు. పెద్దాయన ఇదంతా చూస్తూ, "ఇక్కడా? అందరూ చూస్తారురా," అన్నాడు.

"చూడనీ నాన్నా. అక్కడ బస్తాల దుమ్ముకి దగ్గొస్తుంది," అన్నాడు కొడుకు, తీగలు సర్దుతూ. తండ్రి మొహంలోకి చూడకుండానే, "రేపు డ్రైవరమ్మకి తొడిగేటప్పుడు ఉంటావుగా? నాకు ఇంకో చెయ్యి కావాలి," అన్నాడు.

పెద్దాయన, "ఉంటాలే," అన్నాడు.

మరిది ఆ సాయంత్రమే తన ఇంటినుంచి ఆ మిషనులోకి వెళ్ళి తండ్రికి వేరే పేరు తెరిచాడు. ఆయన పేరు మీద అక్షరాలు పెద్దవిగా, మౌసు నెమ్మదిగా ఉండేలా పెట్టాడు. చెయ్యి వణికినా గుర్తు ఎగిరిపడదన్నాడు.

మర్నాడు పొద్దున పెద్దాయన అందరికంటే ముందొచ్చి కూర్చుని, పాస్‌వర్డు పెదవులు కదపకుండా కొట్టాడు. కొట్టి, అలాగే ఉండిపోయాడు.

"అమ్మాయ్, నాకేమీ రాలేదు."

కోడలు వచ్చి చూసింది. బూడిదరంగు. మధ్యలో ఇంటూ గుర్తు.

"నేనేం ముట్టుకోలేదు," అన్నాడు పెద్దాయన.

ఆమె ఫోను తీసి మళ్ళీ పెట్టేసింది. నల్ల కిటికీ తెరిచి మూడక్షరాలు కొట్టింది. ఈ పేరు మీద వేరే ఎవరూ లేరు. అయితే కారణం అది కాదు. నిన్న మరిది చదివించిన చిన్న ఫైలు గుర్తొచ్చింది. తెర తెరవగానే ఏం మొదలుపెట్టాలో చెప్పేది. తన పేరు కింద ఉంది. మామయ్య పేరు కింద వెతికింది. లేదు. కొత్త పేరు తెరిచి, అక్షరాలు పెద్దవి చేసి, మౌసు నెమ్మది చేసి, అసలుది మర్చిపోయాడు మహానుభావుడు. తనదాని నకలు తీసి ఆయన చోట పెట్టి, అది ఆయనదేనని రాసి, కిటికీ మూసి తెరవమంది. పట్టీ వచ్చింది. గడియారం వచ్చింది, కంచమంత అక్షరాలతో.

"ఏం చేశావు?"

"మీ ఇల్లు కట్టాను. మీవాడు పునాది వేసి వెళ్ళిపోయాడు."

ఆ సంగతి తను స్వయంగా చెప్పాలని పెద్దాయన చిన్నకొడుక్కి ఫోను చేశాడు. ఎప్పుడూ రెండు ముక్కల్లో పెట్టేసేవాడు, ఆ రోజు చాలాసేపు మాట్లాడాడు. ఆఖర్న, "సరే, ఆ రంగు మారే సంగతి ఏమిటో ఆదివారం చెప్పు," అన్నాడు.

డ్రైవరమ్మ మధ్యాహ్నం పిల్లల్ని దించే ట్రిప్పుకు ముందు వచ్చింది. పొట్టిగా, గట్టిగా, నోరున్న మనిషి. పుండు మీద కట్టు విప్పించి, కొత్త సాకెట్ తొడిగారు. పెద్దాయన మోకాలి వెనక చెయ్యి ఆనించి పట్టుకున్నాడు. కొడుకు మరలు బిగించాడు. కమ్ములు పట్టుకుని అద్దం దాకా నడిచి తిరిగొచ్చింది.

"బయటివైపు ఒకచోట కొరుకుతోంది. మిగతా బాగుంది. పాతదానికంటే బాగుంది."

కొడుకు అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టి, సాకెట్ విప్పి, వేడిచేసి బయటికి నొక్కడానికి లోపలికి తీసుకెళ్ళాడు. చల్లారేదాకా ఆమె కుర్చీలో కూర్చోవాలి. చుట్టూ చూసి, పెద్దాయన టీవీ మీద తిరుగుతున్న బొమ్మను చూసింది.

"ఏం చేస్తున్నారు పెద్దాయనా?"

"మీ కాలే."

"నాది కోడలుగారు చేశారు కదా."

"ఆవిడ చేసింది మీకు. ఇది నాకు. నేర్చుకుంటున్నా."

డ్రైవరమ్మ ఒంటికాలి మీద లేచి, కమ్మి పట్టుకుని, గెంతుతూ టీవీ దగ్గరికి వెళ్ళింది. బస్సు కింద దూరి ఏదో చప్పుడు వింటున్నదానిలా కళ్ళు చిట్లించి చూసింది.

"ఇది నాకు పట్టదండీ."

"పట్టదని నాకూ తెలుసు," అన్నాడు పెద్దాయన, పక్కనున్న కుర్చీ ఆమెకు లాగి. "ఎక్కడ పట్టదో చెప్పండి."

ఆమె కూర్చుని, మొదట తన కాలి మీద వేలు పెట్టుకుని, అదే వేలు తీసి తెర మీద పెట్టింది. "ఇక్కడ. ఇక్కడ నొక్కితే పగటిపూట చుక్కలు కనిపిస్తాయి. దీని పైన కాస్త నొక్కినా ఓర్చుకోవచ్చు."

పెద్దాయన రెండు చేతులతోనూ మౌసు పట్టుకుని, ఆమె వేలు ఉన్నచోటికి మెల్లగా జరిపాడు. అక్కడ ఎరుపు కాస్త తగ్గింది.

"ఇంతా?"

"ఇంకా," అంది ఆమె.